సంఘంలో ప్రార్థన ఎలా చేయాలి: తగ్గింపుతో, ఉన్నది ఉన్నట్టుగా

ఆరాధన అయ్యాక పాస్టరు గారు పిలిచి "శుక్రవారం కాటేజ్ ప్రార్థన (ఇళ్లల్లో జరిగే ప్రార్థన కూటం) మీ వీధిలోనే, ఈసారి ప్రార్థన మీరు చేయండి" అనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఏం మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, మధ్యలో మాట తడబడితే నలుగురూ ఏమనుకుంటారు. ఇంకొందరికి ఈ బాధ లేదు, మైకు చేతికొస్తే పావుగంట ధారాళంగా చేసేస్తారు, కానీ ఇంటికెళ్లి ఒంటరిగా కూర్చుంటే దేవునితో చెప్పుకోవడానికి ఒక్క మాట రాదు. ఈ రెండు రకాలవాళ్ల కోసమూ రాస్తున్నాను. నాది గుంటూరు, లూథరన్ కుటుంబం, అందుకని ఉదాహరణలు ఎక్కువగా మా సంఘాల నుంచే వస్తాయి. విజయవాడలో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా) సంఘానికి వెళ్లేవాళ్లకైనా, గుణదల మేరీమాత గుడికి వెళ్లే కేథలిక్ కుటుంబాలకైనా ఇందులో పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందుగా లూకా 18వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు), సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) కథ ఒకసారి నెమ్మదిగా చదవండి. మనం చిన్నప్పుడు సండేస్కూల్లో విన్నదే, కానీ ఒక సంగతి వదిలేస్తాం. ఆ పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానన్నాడు, నిజంగానే ఉండి ఉంటాడు. సంపాదనలో పదోవంతు ఇస్తున్నానన్నాడు, అదీ నిజమే అనుకుందాం. పైగా ఆయన ప్రార్థన కృతజ్ఞతతోనే మొదలైంది, మన కూటాల్లో మొదలైనట్టే. తేడా ఎక్కడ వచ్చిందంటే, దేవునితో మాట్లాడుతూ పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు. "ఈ సుంకరిలా లేనందుకు" అన్నాడు. సుంకరి చూపు మాత్రం పక్కకు పోలేదు, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని ఊరుకున్నాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికెళ్లింది ఇతనే. ఈ కథ చదివి "దేవా, నేను ఆ పరిసయ్యుడిలా లేనందుకు స్తోత్రం" అనుకున్నామంటే మళ్లీ అదే గుంటలో పడ్డట్టు, కాబట్టి చదివేటప్పుడు ఇద్దరిలోనూ మనల్ని వెతుక్కోవాలి.

మొదటి పని ఇంట్లో, తలుపు వేసుకుని

సంఘంలో చేసే ప్రార్థన ఇంట్లో చేసిన ప్రార్థన మీద నిలబడుతుంది. ఇంట్లో లేనిది మైకు ముందు ఉన్నట్టు చేస్తే అది నటన అవుతుంది, మనం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా సరే. మత్తయి 6లో ప్రభువు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. మన ఇళ్లల్లో ప్రార్థనకంటూ విడిగా గది ఎవరికుంది? రెండు గదుల వాటాలో ఆరుగురు ఉండే ఇళ్లు కొత్తపేటలోనూ ఉన్నాయి, సంగడిగుంటలోనూ ఉన్నాయి. అందరూ లేవకముందు వంటింట్లో, లేదా డాబా మీద, ఏదీ కుదరకపోతే బండి ఆపుకుని ఐదు నిమిషాలు. ఫోన్ మాత్రం దగ్గర ఉండకూడదు, సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం వేరు, పక్క గదిలో వదిలి రావడం వేరు.

కూర్చున్నాక ఏం చేయాలో తెలియనివాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే పద్ధతి ఒకటుంది. 1535లో మార్టిన్ లూథర్‌ను ఆయన మంగలి పీటర్ "ప్రార్థన ఎలా చేయాలయ్యా" అని అడిగితే ఆయన ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో ఆ మంగలి పనినే తీసుకుని చెప్తాడు: గడ్డం గీసేవాడు కత్తి మీదా వెంట్రుక మీదా దృష్టి పెట్టాలి, కబుర్లలో పడి అటూ ఇటూ చూస్తే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత ధ్యాస కావాలి. పద్ధతి ఏమిటంటే, పది ఆజ్ఞల్లో ఒకటి తీసుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోవడం: ఇది నాకేం నేర్పుతోంది, ఇందులో దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి. పరలోక ప్రార్థనలో (ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో) ఒక్కొక్క మనవిని కూడా ఇలాగే తీసుకోవచ్చు. 1842లో మిషనరీ హెయర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంఘాలు మావి, లూథర్ చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాస పాఠాలను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే పుస్తకం) మన పిల్లలకు కంఠస్థం చేయిస్తారు, ఈ మంగలికి రాసిన పుస్తకం గురించి మాత్రం సంఘాల్లో పెద్దగా చెప్పుకోరు.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" తీసుకుందాం. నేర్పేది: నేడు అన్నాడు, వచ్చే ఏడాదికి అనలేదు, మాకు అన్నాడు, నాకు అనలేదు. కృతజ్ఞత: ఈ నెల సరుకులు వచ్చాయి, గ్యాస్ ఉంది, అమ్మకు మందులు కొనగలిగాం, ఇలా ఇంట్లో కంటికి కనిపించేవే చెప్పండి. ఒప్పుకోలు: పనిమనిషి అడ్వాన్స్ అడిగితే లేదన్నాను, ఆ సాయంత్రమే బిర్యానీ ఆర్డర్ పెట్టాను. అడగడం: యార్డులో మిర్చికి రేటు పడిపోయి బస్తాలతో కూర్చున్న మా బాబాయికి ఈ వారం గడిచే దారి చూపించు. అంతే, ఐదు నిమిషాలు కూడా పట్టదు. మధ్యలో ఏదో ఒక మాట దగ్గర మనసు నిండిపోయి ఆగిపోతే మిగతావి వదిలేసి అక్కడే ఉండమని లూథరే చెప్పాడు, పద్ధతి పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు.

అసలు సంగతి చెప్పండి

మనకు పెద్దల నుంచి వచ్చిన ప్రార్థన భాష ఉంది. "సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రం" అంటాం, "గడచిన కాలమంతా కంటిపాపలా కాపాడినందుకు" అంటాం. నాకు ఆ మాటలంటే గౌరవం. ప్లేగులూ కరువులూ చూసినవాళ్లు బతికి ఉన్నందుకు నిజంగా ఆశ్చర్యపోయి అన్న మాటలవి. వాటిని మానేయమని చెప్పడం లేదు. కానీ ఆ మాటలు అయిపోయాక కాసేపు ఆగి, ఈ రోజు నన్ను నిద్రపోనివ్వని సంగతి ఏమిటో అది చెప్పాలి. చాలామంది అక్కడిదాకా రారు. పదిహేను నిమిషాలు ప్రపంచ శాంతి కోసం, దేశ నాయకుల కోసం, మిషనరీల కోసం చేసి, తమ్ముడితో పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదా గురించి ఒక్క ముక్క ఎత్తరు.

ఒక చిన్న సాధన చేయండి. కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఈ వారం నాకు భయంగా ఉన్నది ఇది. ఇంకో వాక్యం: ఈ వారం నేను చేసిన తప్పు ఇది. ఆ రెండు వాక్యాలూ దేవుని ముందు పైకి చదవండి, తర్వాత కాగితం చింపేయండి. మొదటిసారి గొంతు పెగలదు, పర్వాలేదు. కీర్తనల గ్రంథం నిండా ఇలాంటి మాటలే ఉన్నాయి. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అని నిలదీస్తుంది. 88వ కీర్తనైతే చీకటే నాకు బంధువర్గమైందని చెప్పి అక్కడితో ముగిసిపోతుంది, చివర్లో హల్లెలూయ కూడా ఉండదు. దాన్ని కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే అలా ప్రార్థించడం తప్పు కాదని అర్థం. మార్కు 9లో బిడ్డను తీసుకొచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడు. నమ్మకం సగమే ఉందని ఒప్పుకున్నాడు, బిడ్డ బాగుపడ్డాడు.

ఇక్కడే ఒక జాగ్రత్త. "నేను ధూళిని, పురుగును, దేనికీ పనికిరానివాణ్ణి" అని గట్టిగా చెప్పడాన్ని తగ్గింపు అనుకుంటాం. అది నిజంగా లోపలి నుంచి వస్తే వేరే సంగతి. పరీక్ష ఏమిటంటే, కూటం అయ్యాక వేరేవాళ్లు వచ్చి "అవునండీ, మీరు ఫలానా విషయంలో సరిగ్గా లేరు" అంటే మనకు ఎలా ఉంటుంది? మొత్తం మీద పాపినని ఒప్పుకోవడం సులువు, ఫలానా రోజున తోడికోడలి మీద లేనిపోనివి చెప్పానని ఒప్పుకోవడమే కష్టం. చిన్న ప్రశ్నోత్తరిలో పాపపు ఒప్పుకోలు దగ్గర లూథర్ అడిగేది కూడా ఇదే: నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, యజమానివా, పనివాడివా, నీ స్థానంలో నిలబడి ఆజ్ఞల వెలుగులో చూసుకో. కాబట్టి తిట్టుకోవడం తగ్గించి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఆదివారానికి ముందు ఒక ఫోన్ కాల్

మత్తయి 5:23–24 అందరికీ తెలుసు, బలిపీఠం దగ్గర కానుక వదిలి వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నది. సంస్కారం (ప్రభు రాత్రి భోజనం) ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఈ పని పెట్టుకోండి. ఎవరి పేరు గుర్తొస్తే కడుపులో ముడి పడుతుందో వాళ్లకు ఫోన్ చేయండి. పెద్ద వాట్సాప్ మెసేజ్ వద్దు, అందులో మనకు తెలియకుండానే మన వాదన మొత్తం వచ్చేస్తుంది. "అన్నయ్యా, ఆ రోజు కమిటీ మీటింగ్‌లో అలా మాట్లాడటం నాది తప్పు, క్షమించు" అని ఊరుకోండి. ఆ వాక్యం తర్వాత "కానీ నువ్వు కూడా" అని రాకూడదు. వాళ్లు ఫోన్ పెట్టేస్తే పెట్టేయనివ్వండి, మీరు చేయాల్సింది చేశారు. అయితే కొట్టే భర్త దగ్గరికో, మోసం చేసి ఇంకా బెదిరిస్తున్న మనిషి దగ్గరికో ఒంటరిగా వెళ్లి సమాధానపడమని ఈ వాక్యం చూపించి ఎవరినీ తోయకూడదు, అది వేరే సంగతి, అక్కడ ముందు వాళ్లకు రక్షణ చూడాలి.

ఇంకొకటి మనసు విప్పి చెప్పాలి. ప్రార్థనలో "ప్రభువా, మేమందరం నీ బిడ్డలం" అంటాం, ఏ ఇంట్లో భోజనం చేస్తాం, ఏ ఇంట్లో టీ కూడా ముట్టం, పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి, ఇవన్నీ మనకు తెలుసు. యాకోబు పత్రిక 2వ అధ్యాయం బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి బీదవాణ్ణి నిలబెట్టడం గురించి మాట్లాడింది, మన దగ్గర ఉంగరానికి తోడు కులమూ ఉంది. దీన్ని ముట్టుకోకుండా తగ్గింపు గురించి ఎంత ప్రార్థించినా అది పైపైనే ఉంటుంది. చేయగలిగిన పని చిన్నదే: వచ్చే ఆదివారం మీరు ఎప్పుడూ కూర్చోని వరుసలో, మీకు బంధువులు కాని కుటుంబం పక్కన కూర్చోండి. తర్వాత వాళ్లింటికి వెళ్లండి, ఇచ్చింది తినండి.

ఆరాధనలో

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. పది నిమిషాల ముందు రండి. పాపపు ఒప్పుకోలు అందరితో కలిసి, అందరి వేగంతోనే చెప్పండి, మీ గొంతు పక్కవాళ్ల మీద తేలకుండా. పుస్తకంలో రాసిపెట్టిన ప్రార్థనలు యాంత్రికమని యువతీయువకులు అంటుంటారు, కానీ నా మాటలు కాని మాటలకు నా మనసును వంచడం కూడా తగ్గింపే, పైగా దుఃఖంలో సొంత మాటలు రానప్పుడు అవే పట్టుకుంటాయి. వేరేవాళ్లు ప్రార్థిస్తున్నప్పుడు వినండి, విని ఆమెన్ అనండి. "ఈయనకు వ్యాకరణం రాదు", "మళ్లీ అదే మాట" అని లోపల మార్కులు వేయడం మొదలైతే ఆ మనిషి కోసం ఒక్క వాక్యం ప్రార్థించండి.

కాటేజ్ ప్రార్థన మీకు అప్పగిస్తే

మీ గురించి మీరు ఆలోచించుకోవడం మానేయడానికి మంచి మార్గం ముందే ఆ ఇంటికి వెళ్లి రావడం. గురువారం సాయంత్రం ఒకసారి వెళ్లి ఇంటావిడను అడగండి: "అక్కా, రేపు ఏ విషయం గురించి ప్రార్థన చేయమంటారు? అందరి ముందూ చెప్పకూడనిది ఏమైనా ఉందా?" రెండో ప్రశ్న చాలా ముఖ్యం. అమ్మాయికి సంబంధం తప్పిపోయిన సంగతి, అబ్బాయి ఉద్యోగం పోయిన సంగతి, అప్పు సంగతి, ఇవి కూటానికి వచ్చిన నలభై మందికీ తెలియాల్సిన అవసరం లేదు. దేవునికి ముందే తెలుసు, మీరు పేరు పెట్టి చెప్పకపోయినా ఆయనకు అర్థమవుతుంది.

సమయం మూడు నిమిషాలు చాలు. పరలోక ప్రార్థన నిదానంగా చెప్పినా నిమిషం పట్టదు, ప్రభువు నేర్పిన కొలత అది. వరుస ఇలా పెట్టుకోవచ్చు: దేవుణ్ణి పిలవడం ఒక వాక్యం, ఈ ఇంటి గురించి కృతజ్ఞత రెండు మూడు వాక్యాలు, మనందరి తరఫునా ఒప్పుకోలు ఒక వాక్యం, ఈ ఇంటి అవసరం, ఈ వీధి అవసరం, ముగింపు. వీధిని మరిచిపోకండి, ఆ వీధిలో క్రైస్తవులు కానివాళ్లు కూడా మన మైకు వింటూనే ఉంటారు, వాళ్ల పిల్లలకు పరీక్షలు ఉంటాయి. అసలు ఇరవై అడుగుల హాలులో మైకు ఎందుకు?

ప్రార్థనలో ప్రసంగం చేయకండి. "ప్రభువా, కొందరు ఆలస్యంగా వస్తున్నారు, కొందరు కానుకలు ఇవ్వడం లేదు, వాళ్ల మనసు మార్చు" అంటే అది దేవునితో చెప్పే మాట కాదని గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. ఎవరితోనైనా చెప్పాల్సింది ఉంటే కళ్లు తెరిచి, వాళ్లతోనే, విడిగా చెప్పండి. గొంతు మార్చకండి, మీ అమ్మతో మాట్లాడే గొంతే చాలు. మాట ఆగిపోతే ఆగిపోనివ్వండి, రెండు క్షణాల మౌనానికి ఎవరూ చనిపోరు, "ప్రభువా, ప్రభువా" అని నింపక్కర్లేదు.

బ్రాడీపేటలో ఒక ఆదరణ కూడికలో విన్న ప్రార్థన చెప్తాను. ఇంటాయన పోయి నెల కాలేదు. ప్లాస్టిక్ కుర్చీలు వరండా దాకా వేశారు, పెద్ద పెద్దవాళ్లు మాట్లాడారు. చివర్లో ఎవరో చాప మీద కూర్చున్న ఒక మామ్మను ప్రార్థన చేయమన్నారు. ఆవిడ లేవలేదు, అక్కడే కూర్చుని, పక్కనున్న ఆ విధవరాలి చేయి పట్టుకుని ఇలా అంది: "నాయనా, ఈ పిల్ల రాత్రుళ్లు నిద్రపోవట్లేదు. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి, తీయలేకపోతోంది. నీకు తెలుసు. దీని దగ్గర ఉండు నాయనా. ఆమెన్." అప్పటిదాకా మాట్లాడినవాళ్లెవరూ ఆ చెప్పులు చూడలేదు. ఆవిడ గుమ్మంలోకి వస్తూ చూసింది, అదే దేవునికి చెప్పింది. నేను ఎవరికి ప్రార్థన నేర్పాల్సి వచ్చినా ఈ నాలుగు మాటలే చెప్తాను, ఎందుకంటే ఇందులో తన గురించి ఒక్క అక్షరం లేదు.

విన్నపాలు, వార్డులు

"ప్రార్థన చేయండని చెప్తున్నాను, ఎవరికీ చెప్పకండి" అని మొదలయ్యే మాటల్లో చాలా వరకు చాడీలే. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరి జబ్బు గురించైనా పెట్టే ముందు వాళ్లను అడగండి, స్కానింగ్ రిపోర్టు ఫొటోలు అసలే పెట్టకండి. ఎవరైనా మీకు విన్నపం చెప్తే "తప్పకుండా ప్రార్థిస్తాం" అని నమస్కారం గుర్తు పెట్టి వదిలేయకుండా, అక్కడికక్కడే కళ్లు మూసుకుని ఒక్క వాక్యం చేసేయండి. అలా చేస్తే ఇచ్చిన మాట అబద్ధం కాదు.

జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) గానీ వేరే ఆసుపత్రికి గానీ వెళ్తే ముందు "ప్రార్థన చేయనా?" అని రోగినే అడగండి. వద్దంటే కొబ్బరినీళ్లు ఇచ్చి కూర్చుని రండి. చేయమంటే నిమిషంలో, పక్క మంచానికి వినపడనంత గొంతుతో. "విశ్వాసం ఉంటే తగ్గిపోయేది" అన్న మాట ఎప్పుడూ, ఎవరితోనూ అనకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు ప్రభువు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు (తనను వేధించిన బాధ) తీసేయమని మూడుసార్లు బతిమాలుకున్నా అది పోలేదు, ఆయనకు విశ్వాసం తక్కువైందా?

జవాబు వచ్చినా, రాకపోయినా

జవాబు వస్తే సాక్ష్యం చెప్పండి, కానీ అందులో మీరు ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నారో, తెల్లవారుజామున ఎన్నింటికి లేచారో వదిలేయండి. శ్రమల దినాల్లో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో) ఉపవాసం ఉంటే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మామూలుగా పనికి వెళ్లమనే కదా మత్తయి 6లో ఉంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం మొదలుపెట్టవద్దు, గుంటూరు ఎండల్లో అసలే వద్దు, భోజనం బదులు ఇంకేదైనా మానండి.

రాకపోతే అదే మాట మళ్లీ చెప్పండి. గెత్సేమనేలో ప్రభువు మూడుసార్లు అదే మాట చెప్పి ప్రార్థించాడు, కాబట్టి ఒకే మాట పదేపదే అడగడం వ్యర్థమైన మాటల లెక్కలోకి రాదు. గుడిలో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా సంగతి కూడా చూడండి. పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె ఎదురు తిరగలేదు, అలాగని చిన్నబుచ్చుకుని వెళ్లిపోలేదు, "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొంటున్నాను" అని ఉన్న సంగతి చెప్పింది. అక్కడి నుంచి వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం కనిపించలేదు. అప్పటికి ఆమెకు బిడ్డ లేడు, ఇంకా ఏ జవాబూ రాలేదు. సంఘ పెద్దలు మిమ్మల్ని అపార్థం చేసుకున్న రోజున మొదటి సమూయేలు మొదటి అధ్యాయం తీసి చదవండి. మీరే సంఘ పెద్ద అయితే, తప్పు తెలిశాక ఏలీ ఏమన్నాడో చదవండి: వాదించలేదు, సమాధానంగా వెళ్లమని చెప్పి ఆశీర్వదించాడు.

"ప్రార్థన చాలా బాగా చేశారండీ" అని ఎవరైనా అంటే "అయ్యో, నాదేముంది" అని పెద్ద ఉపన్యాసం వద్దు, "వందనాలండి" అని, వాళ్లింట్లో అందరూ ఎలా ఉన్నారో అడగండి.

పిల్లలకు

పిల్లలకు పొడవైన ప్రార్థన కంఠస్థం చేయించి కూటంలో నిలబెట్టి చప్పట్లు కొట్టించకండి. వాళ్లకు అక్కడే అలవాటైపోతుంది, ప్రార్థన అంటే పెద్దవాళ్లు మెచ్చుకునేది అని. రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కరిని ఒక్కొక్క వాక్యం చెప్పమనండి: ఇవాళ సంతోషం వేసింది ఒకటి, తప్పు చేసింది ఒకటి. మీరూ వాళ్ల ముందు మీ తప్పు చెప్పండి, "ఇవాళ నీ మీద ఊరికే అరిచాను" అని. ఆ తర్వాత పరలోక ప్రార్థన, దీపం ఆర్పేయడం. సాయంకాల ప్రార్థన అయ్యాక వెంటనే సంతోషంగా నిద్రపొమ్మని 1529లో చిన్న ప్రశ్నోత్తరిలో రాశాడు లూథర్, కాబట్టి ఇంకో గంట టీవీ అక్కర్లేదు.